నత్త ఎవరిది?

సోమవారం, 3వ తేదీ. ఉదయం 6:15

శుక్రవారంతో ఉద్యోగానికి నమస్కారం! ఇక నేను స్వతంత్ర గేమ్ డెవలపర్‌ని. గేమ్ మూడొంతులు తయారైంది. గుల్ల పోగొట్టుకున్న నత్త వానలో దాన్ని వెతుక్కుంటూ పోతుంది. కోడ్ నాది, బొమ్మలన్నీ వదినవి.

మిగిలింది కాగితాల పని. ఒక లాయరు దగ్గర నలభై ఏళ్ళు గుమాస్తాగా చేసిన బాబాయి నిన్న గట్టిగా చెప్పాడు: "ముందు కాగితాలు చూసుకో తల్లీ. మాటలు నీటి మూటలు."

తీర్మానం: ఇరవై ఒక్క రోజులు. రోజూ గంట. కాగితాలు పూర్తయ్యేదాకా గేమ్ ముట్టుకోను!

1. సంస్థ రిజిస్ట్రేషన్.
2. బొమ్మల హక్కుల గురించి వదినతో ఒప్పందం.
3. సంగీతానికి అనుమతి.
4. "నత్త నడక" అనే పేరు ఇంకెవరికైనా ఉందేమో చూడటం.

ఇంతేనా! వారంలో అయిపోతుంది. మిగతా రెండు వారాలు ఏం చేయాలో ఆలోచించుకోవాలి.

మంగళవారం, 4

నాలుగు రంగుల ఫైళ్ళు కొన్నాను. లేబుళ్ళు అంటించాను. "ఒప్పందాలు" కాస్త వంకరగా వచ్చింది. పీకి మళ్ళీ అంటించాను. గంట అయిపోయింది. ఇదీ కాగితాల పనే కదా!

గురువారం, 6

రిజిస్ట్రేషన్ ఫారంలో మొదటి గడి: సంస్థ పేరు. ముప్ఫై రెండు పేర్లు రాసుకున్నాను. ఒక్కటీ నచ్చలేదు. మొదటి గడి ఖాళీగా ఉంచి రెండోది నింపడం పద్ధతి కాదు. ఆపేశాను.

ఆదివారం, 9

నత్త మరీ నెమ్మదిగా పాకుతోంది. పది నిమిషాలు మాత్రం గేమ్ తెరిచి సరిచేశాను. (ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా.)

బుధవారం, 12

ఇంటర్నెట్‌లో ఒప్పందం నమూనా దొరికింది. పదకొండు పేజీలు! ప్రింట్ తీసుకుని పై అంతస్తులో ఉన్న అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాను. వదిన వంటింటి బల్ల మీద వాన బొమ్మ వేస్తోంది. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో కుంచె.

"రా, టీ తాగుతావా?" అంది.

తాగాను. కాగితాలు సంచిలోనే ఉండిపోయాయి. ఇంటి మనిషి దగ్గర సంతకాలేమిటి, బాగుండదు. రెండో పని అయిపోయినట్టే. జాబితాలో కొట్టేశాను.

శనివారం, 15

గంటను అరగంట చేశాను. ఎంతసేపు చేశామన్నది కాదు, ఎంత మనసు పెట్టామన్నది ముఖ్యం. ఈ రోజు స్నానం చేస్తూ కాగితాల గురించి ఆలోచించాను. అరగంటా దానికే సరిపోయింది.

మంగళవారం, 18. ఉదయం 11:40

మెయిల్!! ఒక ప్రచురణ సంస్థ వాళ్ళు, నేను పోయిన నెల పంపిన గేమ్ నమూనా చూశారట. విడుదల చేస్తామంటున్నారు!

అన్నయ్య వెంటనే కుటుంబం గ్రూపులో పెట్టాడు: "మా చెల్లెలు ఒంటిచేత్తో చేసిన గేమ్!" అందరూ చప్పట్లు. వదిన మాత్రం ఏమీ పెట్టలేదు. పనిలో ఉందేమో.

అన్నయ్య మాటను నేను సరిదిద్దలేదు. "ఒంటిచేత్తో" అంటే వినడానికి బాగుంది.

బుధవారం, 19

రెండో మెయిల్. బొమ్మలు, సంగీతం, పేరు మీవేనని తెలిపే కాగితాలు శుక్రవారంలోగా పంపండి.

చూసుకున్నాను.

సంగీతం: "ఉచితం" అన్నచోట దించుకున్నదే. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, అమ్మే వాటిలో వాడరాదని.

పేరు: "నత్త నడక" అని రెండేళ్ళ కిందటే ఒక గేమ్ వచ్చింది. అందులోనూ నత్తే.

బొమ్మలు: వదిన.



సాయంత్రం 5

పదకొండు పేజీలూ పట్టుకుని పైకి పరుగెత్తాను. "ఇక్కడో చిన్న సంతకం వదినా. అంతా మామూలే, చదవక్కర్లేదు."

చదివింది. మొదటి అక్షరం నుంచి. దాన్ని నేను కూడా అంతగా చదవలేదు.

"ఇందులో నేనెక్కడున్నాను?"

"రెండో పక్షం."

"'విశ్వమంతటా, శాశ్వతంగా, సర్వహక్కులూ మొదటి పక్షానివే.' అంటే చంద్రమండలంలో కూడా ఈ నత్త నాది కాదన్నమాట."

"ఊరికే అలా రాస్తారు వదినా..."

"మొదటి రోజే అడిగుంటే నవ్వుతూ ఇచ్చేదాన్ని. ఇప్పుడు నువ్వు అడగట్లేదు, తీసుకుంటున్నావు. ఎలాగూ ఒంటిచేత్తో చేశావుగా, ఆ చేత్తోనే నా సంతకం కూడా పెట్టేసుకో."

కాగితాలు మడతపెట్టి నా చేతికిచ్చింది. టీ తాగుతావా అని అడగలేదు.

శుక్రవారం, 21

పంపడానికి ఏమీ లేదు. ఉన్నదున్నట్టు రాసేశాను. గంటలో జవాబు: ప్రస్తుతానికి వీలుపడదు.

రెండు ముక్కలు. రెండేళ్ళ పని. పొద్దున్నుంచీ మంచం దిగలేదు.

బాబాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇంట్లోవాళ్ళతో కాగితాలేమిటని ఊరుకున్నాను బాబాయ్," అన్నాను.

"ఇష్టమైనవాళ్ళతోనే రాసుకోవాలమ్మా. ఇష్టంలేనివాళ్ళతో ఎలాగూ కోర్టులో కలుస్తాం."

ఆదివారం, 23

గ్రూపులో రాశాను: "బొమ్మలన్నీ వదినవి. అవి లేకపోతే ఈ గేమ్ ఒక నల్లటి తెర. ఈ మాట మంగళవారమే చెప్పాల్సింది."

తర్వాత ఒక తెల్లకాగితం పట్టుకుని పైకి వెళ్ళాను. "నువ్వు చెప్పు వదినా, నేను రాస్తాను."

వదిన బల్ల దగ్గర కుర్చీ నా వైపు జరిపింది.

మూడు గంటలు పట్టింది. బోలెడు కొట్టివేతలు. ఒకసారి అరుచుకున్నాం కూడా. మధ్యలో అన్నయ్య సలహా ఇవ్వబోతే ఇద్దరం కలిసి బయటికి పంపించాం.

తేలినదిది: నత్త వదినది. గేమ్‌లో వాడుకునే హక్కు సంస్థది. సంస్థ ఇద్దరిదీ. తెర మీద పేర్లు పక్కపక్కన. మొత్తం ఒకటిన్నర పేజీ, చదివితే అర్థమవుతోంది! బాబాయి సాక్షి సంతకం చేశాడు.

సోమవారం, 24

కొత్త తీర్మానం! ఇరవై ఒక్క రోజులు. రోజూ గంట. ఈసారి తప్పేది లేదు!

పదింటికల్లా ఇద్దరం రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్నాం. ఫారంలో యజమాని పేరుకు ఒకే గడి. అందులోనే ఇద్దరి పేర్లూ ఇరికించబోయాను. నా పేరు చిరునామాలోకి పాకింది. కొట్టేసి మళ్ళీ రాశాను.

కిటికీ వెనక గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఇది ఒక్కరే ఉంటే నింపేది. భాగస్వాముల ఫారం వేరు. కొట్టివేతలుంటే అదీ తీసుకోం."

"ఒకటివ్వండి," అన్నాను. "రేపటికల్లా నింపి తెచ్చేస్తాం."

వదిన నా భుజం మీదుగా చెయ్యి చాపింది.

"ఆరు ఇవ్వండి."