ఖుర్షీద్ ఎందుకు రాలేదంటే

చిన్నీ,

నువ్వు అచ్చు వేయించిన ఇంగ్లీషు వ్యాసాన్ని మన ఎల్లారెడ్డి బడిలోని సారు తెలుగులో చెప్పి వినిపించారు. కొడుకు పోయిన ఈ పెద్దమ్మ ఏడుపు కూడా చదువుకున్నవాళ్ళ పుస్తకంలోకి ఎక్కిందా అని సారుతో ఇంకోసారి చెప్పించుకుని విన్నాను. కామారెడ్డిలో నీ ముందు కూర్చుని మాట్లాడితే నా గుండె తేలికైన మాట నిజమే బిడ్డా. మందూ మాకూ లేకుండా ఉత్త మాటలతోనే ఇంత చేసే డాక్టరు విద్య ఎట్లా నేర్చావో!

కానీ నీ దగ్గరికి రావడం మానేసిన తల్లులందరికీ నయమైందని రాశావట. నాతో వచ్చే ఖుర్షీద్ బేగం కూడా ఆ లెక్కలో ఉన్నట్టే కదా. కొడుకు పోయిన వెనకే ఆమె పెనిమిటి కూడా పోయాడు. ఇప్పుడు వాళ్ళ ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ పాటిస్తున్నది, అది తీరేదాకా గడప దాటదు. నీ రాత సంగతి చెబితే ఏడుస్తూనే నవ్వింది.

"నాకు నయమైందా అక్కా? గీ ముచ్చట నాకెవ్వరు చెప్పకపాయె!" అన్నది.

నీ రాత చదివిన ఇంకో డాక్టరు, రానివాళ్ళకు నయమైందనుకుని ఆ తల్లులను వెతకడం మానేస్తే ఎట్లా బిడ్డా? ఒకసారి వచ్చి ఆమెను ఆమె ఇంట్లోనే అడుగు. తరువాత ఉన్నదున్నట్టు అదే పుస్తకంలో మళ్ళీ వేయించు.

అందరి ఏడుపులూ విని చిక్కిపోయావు. కడుపునిండా తిను.