కాసులపేరుకు ఎన్ని బిట్లు?

అవనిగడ్డ, జూన్ 3

గుడివాడ ఫోటో ల్యాబు పూర్ణిమకి,

అమ్మాయ్, మా షష్టిపూర్తి ఫోటోని నలుపు తెలుపుల్లో పెద్దది చేసివ్వమని మావారు వెంకట్రామయ్యగారు నీకిచ్చారు కదా. ఎనిమిది బిట్లలో దిద్దాలా, పదహారులోనా అని నువ్వడిగితే ఎక్కువున్నదే చెయ్యమన్నారట. చీరల దగ్గర తప్ప అన్నిటికీ ఆయన వరస అదే. ఆ రెంటికీ తేడా ఏమిటో నాకు విడిగా రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. ఈయన ఎవరి ఫోనైనా స్పీకర్లో పెట్టి వీధంతా వినిపిస్తారు.

ఇట్లు,
భానుమతి

తా.క.: జవాబు పక్కింటి రాజకుమారి చిరునామాకి పంపు. ఆవిడకి పరాయి ఉత్తరాలు చదవడం ఇష్టమే కానీ, ప్రస్తుతం కళ్ళజోడు విరిగింది.

గుడివాడ, జూన్ 6

భానుమతిగారికి నమస్కారాలు.

ఎనిమిది బిట్లంటే నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లండీ. పదహారంటే అరవై అయిదు వేల పైచిలుకు. మీ వెనక గోడ బాగా నీడలో ఉంది. దాన్ని వెలుగులోకి లాగితే, మెట్లు తక్కువైనచోట చారలు పడతాయి. కెమెరా అసలు ఫైలు నా దగ్గరుంది కాబట్టి పదహారులో దిద్ది, ప్రింటు ముందు ఎనిమిదికి మారుస్తాను. మీ కాసులపేరు కాసు కాసూ విడిగా కనిపిస్తుంది చూడండి.

మీ పూర్ణిమ

తా.క.: కాసుల మీద లక్ష్మీదేవి కూడా తెలుస్తోంది. కాస్త ఎడమకి వంగి ఉన్నారు.

అవనిగడ్డ, జూన్ 9

అమ్మాయ్ పూర్ణిమా,

కొంప ముంచావు. అది బంగారం కాదు, చిలకలపూడి రోల్డ్ గోల్డు. పదకొండేళ్ళ కిందట మా తమ్ముడు వెంకట్ కృత్తివెన్నులో రొయ్యల చెరువులు దెబ్బతిని ఏడుస్తుంటే, మా అత్తగారిచ్చిన కాసులపేరు వాడి చేతిలో పెట్టేశాను. అలాంటిదే చేయించి వేసుకుంటున్నాను. మావారికి తెలియదు. ఇరవయ్యో తారీకున మా ఆడపడుచు సత్యవతమ్మగారు వస్తున్నారు. అది వాళ్ళమ్మ నగ. ఆవిడ ఫోటో ముందు నిలబడితే అరగంట కదలరు. బయటపడితే ఆయన ముందు దొంగనైపోతాను. ఆ భయంతో నీ ఉత్తరం అందినప్పటి నుంచీ అన్నం సయించడం లేదు. అన్ని వేల మెట్లలో నిజం దాగుతుందా? ఎనిమిదే చెయ్యి.

ఇట్లు,
భానుమతి

తా.క.: నాలుగు బిట్లుంటే మరీ మంచిది.

గుడివాడ, జూన్ 12

భానుమతిగారూ,

నలుపు తెలుపుల్లో బంగారమూ బూడిదరంగే, రోల్డ్ గోల్డూ బూడిదరంగే. ఎన్ని బిట్లయినా అది ఏ లోహమో చెప్పవు. మీ తృప్తి కోసం నాలుగు బిట్లలో చేసి చూశాను. పదహారు మెట్లే కదా, మీవారి బుగ్గల మీద పొలం గట్లు వచ్చాయి. పదహారు బిట్లలోనే దిద్దుతాను. మీరు భోంచెయ్యండి.

మీ పూర్ణిమ

తా.క.: మీవారి చేతి గడియారం అసలుదేనాండీ? ఊరికే అడిగాను.

అవనిగడ్డ, జూన్ 14

చిరంజీవి పూర్ణిమకి ఆశీస్సులు.

ఈ ఉత్తరం సంగతి మా ఆవిడకి తెలియకూడదు. ఫోన్లో చెబుదామంటే నాకు స్పీకర్ తియ్యడం రాదు. పదహారు బిట్లని తొందరపడి అన్నాను. ఎనిమిదితో సరిపెట్టు. పదిహేనేళ్ళ కిందట మా అమ్మ కాసులపేరుకి మెరుగు పెట్టించడానికి బందరు తీసుకెళ్ళి, తిరిగొస్తూ బస్సులో పోగొట్టాను. మెరుగు అవలేదని ఇంట్లో నాలుగు రోజులు బుకాయించి, చిలకలపూడిలో అలాంటిదే చేయించి భానుమతి పెట్టెలో పెట్టాను. పాపం, ఆవిడ దాన్నే బంగారమనుకుని మురిసిపోతోంది. చూసినప్పుడల్లా నాకు సిగ్గుగా ఉంటుంది. మా అక్క ముందు భానుమతి తల దించుకోకూడదు, అదే నా బాధ.

ఇట్లు,
వెంకట్రామయ్య

తా.క.: కవరు అంటించబోతుంటే మా బావమరిది వెంకట్ వచ్చాడు. నేను చేయించిన ఆ చిలకలపూడి కాసులపేరే రుమాల్లో కట్టి నా చేతిలో పెట్టాడు. "అక్క ఎప్పుడో నాకిచ్చింది బావా. కొట్లో గీటు పెట్టి చూసి బంగారం కాదన్నారు. చెబితే బాధపడుతుందని దాచాను. నువ్వూ చెప్పకు" అని వెళ్ళిపోయాడు. మరి ఫోటోలో ఆవిడ మెడలో ఉన్నదేమిటమ్మా? మాకు ఎనిమిదిలోనే చెయ్యి కానీ, నువ్వొకసారి పదహారులో చూసి నాకు చెప్పు.