ఎండుచుక్క వాళ్లు మన ఇంటికి వచ్చారు

కరుణా,

వందనాలు. నువ్వు పోయి వచ్చే ఆదివారానికి పదకొండు నెలలు. ఎలా ఉన్నావని అడగడానికి లేదు కదా... అందుకే మా సంగతే చెబుతాను.

నేను బస్సు నడుపుతూనే ఉన్నాను. అదే కర్నూలు, కడప రూటు. నడుము నొప్పి తగ్గలేదు. షారోన్ నాలుగో తరగతికి వచ్చింది. దాని జడలు నేనే వేస్తున్నాను. రెండూ సమానంగా రావడం లేదు. బడికి పోయాక టీచరమ్మ విప్పి మళ్లీ వేస్తుందట. ఆ మాట అది నాకు చెప్పలేదు, పక్కింటామె చెప్పింది.

బాగా అలసిపోయాను కరుణా. నిద్రపోతే తీరే అలసట కాదిది. కడప డిపోలో, డ్రైవర్ల గదిలో కూర్చుని రాస్తున్నాను. తిరుగు సర్వీసుకు ఇంకా రెండు గంటలుంది.

నీ సీరియల్ అయిపోయింది. ఎలా అయిపోయిందో చెప్పాలనే కాగితం తీశాను.

ఎండుచుక్క కథ నువ్వు మొదటిసారి చెప్పినప్పుడు నేను నవ్వాను, గుర్తుందా? ఆకాశంలో ఎక్కడో వాన ఎరగని లోకం. అక్కడి జనం కొండల లోపల బతుకుతారు, నీళ్లు గుక్కలు లెక్కపెట్టి పంచుకుంటారు. ఇది ఎవరు చూస్తారు అన్నాను. "ఎండ గురించి మనకంటే ఎవురు బాగ రాస్తారప్పా?" అన్నావు. మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేసిన మీ నాయన దగ్గును తీసుకుపోయి ఆ లోకం మనుషులకు పెట్టావు. ఓర్వకల్లు రాళ్ల మధ్య తీశారు. జనం మూడేళ్లు చూశారు.

తర్వాత నువ్వు చేసిన పని మాత్రం ఎవరూ ఊహించలేదు. కథలోకి నువ్వే వెళ్లిపోయావు. తమ బతుకులన్నీ భూమ్మీద కర్నూలు అనే ఊళ్లో, రెండు గదుల ఇంట్లో, కరుణ అనే ఆడమనిషి రాస్తోందని ఎండుచుక్క వాళ్లకు ఒకరోజు తెలుస్తుంది. ఆ కరుణ వేషం నువ్వే వేశావు. వేషం ఏముంది... మన ఇల్లే, మన కుర్చీయే, నీ నీలం చీరే. ఆరు భాగాల్లో కనిపించావు. ఆరోదాని చివర వాళ్ల పెద్ద బయలుదేరాడు, మాకు వాన ఎందుకు రాయలేదో ఆమెనే అడుగుతానని. వాళ్లు మన గుమ్మం దాకా వచ్చే భాగం రాయవలసిన వారంలో నువ్వు ఆసుపత్రిలో చేరావు.

ఏం జవాబు చెప్పాలనుకున్నావు? బస్సెక్కిన వాళ్లు కూడా నన్ను ఆపి అడిగారు. నాకేం తెలుసు? నాతో ఎందుకు చెప్పలేదు?

నాలుగు నెలల కిందట డైరెక్టరు, నీ దగ్గర పని నేర్చుకున్న మాధవి కలిసి ఇంటికి వచ్చారు. కథ ముగించాలి అన్నారు. పాత భాగాల్లో నీ ముఖం, నీ గొంతు ఉన్నాయి కాబట్టి కంప్యూటరుతో నిన్ను మళ్లీ మాట్లాడించవచ్చట. నేను ఒప్పుకుంటే చాలు. డైరెక్టరు మంచి మనిషే, తొందర పెట్టలేదు. మచ్చుకు చేసింది మాధవి తన ల్యాప్‌టాప్‌లో చూపించింది.

నీలం చీరలో నువ్వు వచ్చావు. మాట్లాడబోయే ముందు కొంచెం ఊపిరి తీసుకుంటావే, అది కూడా తీసుకున్నావు. వాన గురించి రెండు మాటలు చెప్పావు. మంచి మాటలే. మాధవి రాసినవి.

షారోన్ మళ్లీ పెట్టమంది. మళ్లీ, మళ్లీ... నాలుగుసార్లు చూసింది. చివరికి దగ్గరికి పోయి తెర మీద నీ చెంప ఉన్నచోట వేలు పెట్టింది. నేను లేచి వంటింట్లోకి పోయాను.

అక్కడ నిలబడితే ఆసుపత్రి గుర్తొచ్చింది. నీ చెయ్యి సరిగా లేవని రోజున, నేనే రాస్తాను అక్కా, నువ్వు చూసి చెప్పు అంది మాధవి. నువ్వు నవ్వి, "తక్కినోళ్ల మాటలు రాయి తల్లీ. నేను చెప్పేది మాత్రం నేనే రాసుకుంటా. ఒగరు రాసిచ్చింది నా నోట్లో పెట్టొద్దండి" అన్నావు. ఆ ఒక్క రోజుకే అన్నావా? ఎప్పటికీ అన్నావా? నాకు తెలియదు. అయినా బయటికి వచ్చి వద్దన్నాను. మాధవి తల వంచుకుంది. ఆ రోజు ఆ గదిలో తనూ ఉంది కదా.

షారోన్ నాతో పన్నెండు రోజులు మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, పిలిస్తే వచ్చేది. నోరు మాత్రం విప్పలేదు. పదమూడో రోజు జడ వేస్తుంటే, నా వైపు తిరక్కుండానే అడిగింది. "అమ్మ నాకు కనపడితే నీకేం నొప్పి నాయనా?"

నీ మాట నిలబెట్టబోయి దాని దగ్గర నిన్ను లాగేసుకున్నానా?

తర్వాత మాధవి కథ మార్చింది. ఎండుచుక్క వాళ్లు గుమ్మం దాకా వస్తారు. నువ్వు ఉండవు. ఇంటాయన తలుపు తీస్తాడు. ఆ ఇంటాయనగా నన్నే నిలబడమంది. స్టీరింగు తప్ప ఇంకేం తెలియని వాణ్ణి, కుదరదని రెండుసార్లు చెప్పాను. కానీ వాళ్లు నిజంగా మన ఇంటికే వస్తారా అని షారోన్ అడిగింది. దాని గొంతులో ఆశ విని ఎన్నాళ్లయిందో... సరే అన్నాను.

నా సెలవు రోజున తీశారు. వీధంతా జనం. మాధవి ఇచ్చిన పేజీ మూడు రోజులు బస్సు నడుపుతూ బట్టీ పట్టాను. తలుపు కొట్టారు. తీశాను. వరండాలో ఏడుగురు, ముఖాలకు బూడిదరంగు మట్టి, కాళ్లకు చెప్పుల్లేవు. ముందు ఖాదర్ సాబు, వాళ్ల పెద్దగా వేసే ఆయన.

"రాసే తల్లి ఉండాదా?" అన్నాడు.

పదినెలలుగా అందరూ నన్ను పరామర్శించడానికే వచ్చారు కరుణా. నువ్వు ఇంట్లో ఉన్నావనుకుని నిన్ను అడుగుతూ వచ్చిన మొదటి మనిషి ఆయనే. నేను వెనక్కి తిరిగి గదిలోకి చూశాను. బట్టీ పట్టిందంతా పోయింది.

"లేదప్పా. పోయింది. మీ కత సగంలో ఉండంగానే పోయింది."

పేజీలో ఆ మాటలు లేవు. డైరెక్టరు ఆపలేదు. ఖాదర్ సాబు కళ్ల కింద మట్టి తడిసింది. మరి మాకు వాన ఎవరు రాస్తారని మెల్లగా అడిగాడు.

"నాకు రాసేది రాదు. శానా దూరం నుంచి వచ్చినారు, లోపలికి రాండి. నీళ్లు తాగి పోదురు" అన్నాను.

ఎవరూ చెప్పకుండానే షారోన్ వంటింట్లోంచి చెంబు, గ్లాసులు తెచ్చింది. ఏడుగురికీ తనే పోసింది. వాళ్లు గ్లాసును రెండు చేతులా పట్టుకుని తాగారు. వాళ్లలో చివర నిలబడ్డ పిల్ల తాగలేక ఏడ్చేసింది. నటించిందో, నిజంగానో... మళ్లీ తీయలేదు. సీరియల్ అక్కడితో ఆపేశారు.

ఆ భాగం పోయిన వారం టీవీలో వచ్చింది. ఇదేం ముగింపు అన్నవాళ్లు ఉన్నారు. నువ్వయితే ఏమనేదానివి? షారోన్ నా ఒళ్లో తల పెట్టుకుని చూసింది. మాట్లాడుతోంది ఇప్పుడు, మునుపటంత కాదు.

నిన్న మాధవి ఫోను చేసి, ఆ మచ్చుకు చేసింది చెరిపేయమంటారా అని అడిగింది. చెరిపేయమని నోరు రాలేదు. దాచమన్నాను. పిల్ల పెద్దదై అడిగిన రోజున దాని చేతికే ఇస్తాను కరుణా. చూడాలో వద్దో అదే తేల్చుకుంటుంది. ముఖం మీ అమ్మదే, మాటలు మాత్రం ఆమెవి కావు అని, అది ఒక్కటే చెబుతాను. అంతకుమించి అడ్డం రాను. ఇది నీకు నేనిస్తున్న మాట.

కండక్టరు పిలుస్తున్నాడు. బండి తీయాలి.

నీ
యేసురత్నం