హిరోషి గారి కుడిభుజం

ఆదివారం, టోవా పాయో, సింగపూర్

కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీలు సరిచేసే మా వైటూకే ప్రాజెక్టు లీడరు హిరోషి గారు ఈరోజు భోజనానికి వచ్చారు. ఒకప్పుడు జపాన్‌లో ప్రొఫెషనల్ బేస్‌బాల్ పిచర్. భుజం పాడై ఆట మానేసి పదేళ్లయినా, బంతి విసిరిన ఆ కుడిచేత్తో ఇప్పటికీ ల్యాప్‌టాప్ బ్యాగు కూడా మోయరు. చిన్నప్పుడు కోచ్ పెట్టిన నియమమట.

నాకు బుద్ధిలేదు. వంట కంగారులో మా చంటిదాన్ని ఆ కుడిచేతికే ఇచ్చేశాను. అది ఆయన భుజం మీద నిద్రపోయింది. గుర్తొచ్చి, "సారీ, ఇటివ్వండి" అన్నాను.

"వద్దు, లేస్తుంది" అన్నారు. గంటసేపు కదల్లేదు. పప్పన్నం ఎడంచేత్తో స్పూనుతో తిన్నారు. ఎంత నొప్పి పుట్టిందో ఏమో.

వెళ్తూ లిఫ్టు దగ్గర భుజం నిమురుకుని, "ఇంకా పనికొస్తోంది" అని నవ్వారు.

నేనిచ్చిన ఆవకాయ సీసా మాత్రం ఎడంచేత్తోనే అందుకున్నారు.