నల్లకుక్క

హాస్కీ బావా,

నీ నల్లకుక్క రోజూ నా గొర్రెల మందలోకి వస్తోందని పోట్లాడి దాన్ని కట్టేయించాను. కట్టేశాక కూడా కనబడింది. దొంగచాటుగా విప్పుతున్నావని ఊరి మీటింగులో నిన్ను తిట్టాను. తప్పు నాది. డాక్టరమ్మ చూసి, "తాతా, అది కుక్క కాదు. షుగరు ముదిరి నీ కంట్లో నెత్తురు కారింది. ఆ నల్లమచ్చే నువ్వెటు చూస్తే అటు పరిగెత్తుతుంది" అంది. నవ్వుకో.

గురువారం చిన్లీ ఆస్పత్రిలో లేజరు చేస్తారు. ఆలస్యమైతే కన్ను పోతుందట. నన్ను ట్రక్కు నడపొద్దన్నారు. మూడు రోజులుగా కాలు నిలవక నా హోగన్ మట్టింటి గుమ్మానికీ దొడ్డికీ మధ్య తిరుగుతున్నాను. ఇంకెవర్నీ అడగను. నువ్వే తీసుకెళ్లాలి.

కుక్కను ఇవాళే విప్పు. వచ్చేటప్పుడు దాన్నీ ఎక్కించుకురా. దానికి మంచి ఎముక దాచాను. నీకేమీ దాచలేదు.

నీ బావమరిది