విమానం చక్రం కింద నిమ్మకాయ

ఆదివారం

మా అమ్మాయి కావ్యను స్కూటర్ మీద నాదర్‌గుల్ విమానాల మైదానం దాకా తీసుకెళ్లాను. ఇంటర్ అయిపోయింది, పైలట్ కోర్సులో చేరతానంటోంది. భయంతో నేనింకా సరే అనలేదు. వాళ్లమ్మ సరోజ పోయాక మిగిలింది మేమిద్దరమే.

గోడ అవతల శిక్షణ విమానం ఒకటి బయలుదేరింది. నేను దాని చక్రాలే చూస్తున్నాను.

"ఏం చూస్తున్నవ్ నాన్నా?"

"నిమ్మకాయలు పెట్టిండ్రో లేదో అని."

పడీపడీ నవ్వింది. "అమ్మయితే పైలట్‌ను దింపి మరీ పెట్టేది."

నిజమే. ఈ స్కూటర్ కొన్నరోజు నిమ్మకాయలు తొక్కించేదాకా సరోజ నన్ను షోరూం గేటు దాటనివ్వలేదు.

తిరిగొస్తుంటే ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర కావ్య మెల్లగా అడిగింది. "మరి చేరాల్నా, వద్దా?"

"చేరు. నువ్వు నడిపే రోజు నిమ్మకాయలు నేను తెస్త."

భయం పోలేదు. కానీ రాత్రి పప్పులోకి నిమ్మకాయ కోస్తుంటే ఇద్దరికీ మళ్లీ నవ్వొచ్చింది.