కింద కామెంటు పెట్టండి

ఫిబ్రవరి 3, 2011

తమ్ముడు బెంజమిన్ కనిపించక వారం. రామంతాపూర్ చర్చి నుంచి చిల్కానగర్‌లో మా ఇంటికి రోజూ వచ్చే దారే. వాడికి మాటలు రావు, పేరు కూడా చెప్పలేడు. పోలీసాయన ఫొటో తీసుకుని, వస్తడు తియ్యమ్మా, యాడికి పోతడు అన్నాడు. ఆ పోలీసు సొంత తమ్ముడైతే తెలిసేది.

ఫిబ్రవరి 5, మధ్యాహ్నం, ఆఫీసులో

ఈ నాచారం ఆఫీసులో రోజంతా నేను చేసేదేమిటి? ఎవరివో పరుపుల షాపులను గూగుల్‌లో పైకి ఎక్కించడం. ముక్కూమొహం తెలియని వాళ్ల బ్లాగుల కింద ‘నైస్ పోస్ట్’ అని రాసి మా క్లయింట్ లింకు అతికించడం. ఈ విద్య సొంత తమ్ముడికి పనికిరాకపోతే తగలెయ్యడానికా? నెట్‌లో వాడి ఫొటోతో ఓ పేజీ పెట్టాను. వాడు ఎవరికైనా దొరికితే ఏం టైప్ చేస్తారు? మాటలు రాని అబ్బాయి, ఉప్పల్. అదే టైటిల్.

ఫోన్ నంబర్ పెట్టు బిడ్డా అంది అమ్మ. వద్దన్నాను. ఫోన్ చేస్తే గూగుల్‌కు తెలియదు, కామెంట్లు పడితేనే పేజీ పైకి కదులుతుంది. ‘చూసినవాళ్లు కింద కామెంటు పెట్టండి’ అని రాశాను. అమ్మకు ఇవన్నీ ఏం తెలుసు!

ఫిబ్రవరి 12

ఆఫీసు పని పక్కన పెట్టి వాడి పేజీకే లింకులు కట్టాను. మా మేనేజర్ దామోదర్ సార్ పట్టేశాడు. ఏందమ్మా రూతూ, కంపెనీ జీతం తిని సొంత దుకాణం నడుపుతున్నవా అన్నాడు. సంగతి చెప్పాను. లంచ్ టైంల చేస్కో పో అన్నాడు. దయామయుడు!

ఫిబ్రవరి 17

వాడి పేజీ గూగుల్‌లో రెండో పేజీకి వచ్చింది! అమ్మకు చెప్తే, గంతేనా, వాడు దొరికిండా అంది.

ఫిబ్రవరి 19

పైకి రాగానే దోమల్లా ముసిరారు. అందరూ నా పని చేసేవాళ్లే. తప్పిపోయిన పిల్లాడి ఫొటో కింద ‘వెరీ యూజ్‌ఫుల్ ఇన్ఫర్మేషన్’ అట, పక్కనే పరుపుల లింకు. సిగ్గూ శరం ఉందా! ఇంకొకడు ‘వెరీ గుడ్ బాయ్, ప్లీజ్ క్లిక్ దిస్ లింక్’ అట. నాకే నేర్పుతున్నాడు. అన్నీ సెలెక్ట్ చేసి ఒక్కసారే డిలీట్ కొట్టాను. కాసేపు హాయిగా అనిపించింది.

ఫిబ్రవరి 22

బంద్. ఆటోలు లేవు. ఇంట్లో అమ్మ ప్రార్థన తప్ప చప్పుడు లేదు.

మార్చి 4

డిలీట్ చేసిన కామెంట్ల కాపీలు మెయిల్‌లో పడి ఉన్నాయి. ఎవరి క్లయింట్లో చూద్దామని ఊరికే లింకులు తెరిచాను. పరుపులు. వీసాలు. ‘వెరీ గుడ్ బాయ్’ లింకులో మా బెంజమిన్ ఫొటో. నీలం చొక్కా, ముందు అన్నం ప్లేటు, వెనక హోటల్ బోర్డు. బోడుప్పల్.

అమ్మను తీసుకుని పరుగెత్తాను. హోటల్ నడిపే ఉప్పలయ్య మమ్మల్ని చూసి మండిపడ్డాడు. మీరే కామెంటు పెట్టుమంటిరి, నెట్ సెంటర్ల ఇంగ్లీషుల రాయిస్తి, ఫొటో గూడ ఎక్కిస్తి, ఒక్కలన్న జవాబియ్యకపోతిరి అన్నాడు. పిలగాడు మంచోడు, దినాం రోడ్డు దిక్కే సూసేటోడు, బంద్ నాడు ఎటో నడిసిపోయిండు అన్నాడు.

అమ్మ రోడ్డు మీదకు వెళ్లి, వాడు చూసే వైపే చూస్తూ నిలబడింది. నన్ను తిట్టినా బాగుండేది.

మార్చి 19

గూగుల్‌లో ఫస్ట్ ర్యాంక్. ఫోన్ నంబర్ అన్నిటికంటే పైన పెట్టాను. ఎవరూ చేయలేదు.

పరుపులవాడు మళ్లీ వచ్చి ‘నైస్ పోస్ట్’ అన్నాడు. డిలీట్ చేయలేదు. కింద జవాబు రాశాను: అన్నా, మా తమ్ముడు కనిపించాడా?

వీసాలవాడికీ అదే రాశాను.